తోట తాకట్టు పెట్టి పెప్టైడ్లు చదివించాలా?

పాలకొల్లు దగ్గరి నుంచి ఒక తండ్రిగారు రాశారు. వారి అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, నీటిలో తమంతట తామే అమరిపోయే పెప్టైడ్లతో, అంటే ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల చిన్న గొలుసులతో, కొత్త పదార్థాలు తయారుచేసే పరిశోధన చేస్తానంటోంది. కొబ్బరితోట తాకట్టు పెట్టి విదేశాల్లో ఏడాది నానోబయోటెక్నాలజీ ఎమ్మెస్‌కు పంపాలా, ఇక్కడే పీహెచ్‌డీ చేయనివ్వాలా అన్నది వారి ప్రశ్న.

అయ్యా, ఇది గాలిమేడ కాదు. గ్లైసీన్, అలనీన్, సెరీన్ వంటి చిన్న అమైనో ఆమ్లాలు ఒకే వరుసలో మళ్లీ మళ్లీ వచ్చి, ఆ గొలుసులు హైడ్రోజన్ బంధాలతో పక్కపక్కన అతుక్కోవడం వల్లనే పట్టుదారానికి అంత గట్టితనం. నరసాపురం లేసులో ప్రతి ముడీ చేత్తో వేయాలి. ఇక్కడ గొలుసులో వరుస కుదిరితే అల్లిక దానంతటదే జరుగుతుంది. 1990ల మొదట్లో షుగ్వాంగ్ జాంగ్ అనే శాస్త్రవేత్త ఈస్ట్ ప్రోటీనులో ఇటువంటి వరుసను గమనించారు. ఆ కోవలోనే రూపొందిన 16 అమైనో ఆమ్లాల పెప్టైడ్ నేడు ఎండోస్కోపీలో రక్తస్రావాన్ని ఆపే జెల్‌గా వాడుకలో ఉంది.

నా సందేహమంతా ఆ ఏడాది ఎమ్మెస్ మీదనే. రెజిన్ పూసల మీద అమైనో ఆమ్లాలను ఒక్కొక్కటిగా తగిలించడం, వచ్చినదాన్ని శుద్ధి చేయడం, సీసాను తలకిందులు చేసి జెల్ నిలిచిందా జారిందా అని చూడడం, జారితే వరుసలో ఒక్క ఆమ్లం మార్చి మళ్లీ మొదలుపెట్టడం ఏళ్ల తరబడి చేతికి అలవడవలసిన పని. కోర్సు పేరులో నానో ఉన్నంత మాత్రాన అది రాదు. ఇటువంటి అప్పుతో వెళ్లి, చదివినదానితో సంబంధం లేని ఉద్యోగం చేస్తూ వాయిదాలు కడుతున్న పిల్లలను నేను చూశాను. అదే ఇక్కడ జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 ఇస్తారు.

ఒక మాట కఠినంగా చెప్పక తప్పదు. మీ ఉత్తరంలో పెళ్లి వయసు ఉంది, మేనల్లుడి సాఫ్ట్‌వేర్ జీతం ఉంది. అమ్మాయి ప్రాజెక్టులో ఏమి చేసిందో ఒక్క వాక్యం కూడా లేదు. అడగలేదా? ఐదేళ్లు గడిచాక ఆమె ఎటూ కాకుండా మిగిలిపోతుందేమోనన్నదే మీ అసలు భయమని నాకు తెలుసు. అలా జరగదు. ప్రొఫెసరు కొలువులు తక్కువే, నిజమే. కానీ పెప్టైడ్ తయారుచేయడం వచ్చిన రసాయన శాస్త్రజ్ఞులు ఔషధ పరిశ్రమకూ కావాలి. మధుమేహానికి వాడే సెమాగ్లూటైడ్ కూడా పెప్టైడే. పరిశోధన చేస్తూనే పెళ్లి చేసుకుని స్థిరపడినవారూ నా దగ్గరకు వచ్చిన పిల్లలలో ఉన్నారు.

తోట కాగితాలు ఇంకా బ్యాంకుకు ఇవ్వలేదని రాశారు. వాటిని బీరువాలోనే ఉంచి, ఈ ఏడాది అమ్మాయిని నిశ్చింతగా నెట్‌కు చదువుకోనివ్వండి.