రగ్బీ లీగ్ ఫైనల్ ఒక్కటి చూస్తే సరిపోతుందా?

"సిడ్నీకి కొత్తగా వచ్చాను. ఆఫీసులో అందరూ ఎన్‌ఆర్‌ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్) గురించే మాట్లాడుకుంటున్నారు. మార్చి నుంచి అక్టోబరు దాకా చూసే తీరిక నాకు లేదు. ఫైనల్ ఒక్కటి చూస్తే ఆట అర్థమవుతుందా?" అని అడిగారు.

అర్థం కాదు. స్కోరు తెలుస్తుంది, అంతే.

నేను నగరానికి పశ్చిమాన, సెయింట్ మేరీస్ దగ్గర ఉంటాను. పెన్రిత్ పాంథర్స్ అభిమానిని. మా అబ్బాయి ఇక్కడి పిల్లల జట్టులో లీగ్ ఆడతాడు. ఫైనల్ ఒక్కటే చూసినవారు ఏమి పోగొట్టుకుంటారో 2023 సీజన్ చెబుతుంది. ఆ ఏడాది డాల్ఫిన్స్ చేరికతో జట్లు 17 అయ్యాయి. ఒక్కో జట్టు 24 మ్యాచ్‌లు ఆడింది. అన్నీ ముగిసేసరికి పెన్రిత్, బ్రిస్బేన్ బ్రాంకోస్ రెండూ 18 గెలిచి, ఆరు ఓడి సమానంగా నిలిచాయి. పాయింట్ల తేడా (సాధించిన పాయింట్లలోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది) మెరుగ్గా ఉన్నందుకు పెన్రిత్‌కు మొదటి స్థానం దక్కింది. ఏప్రిల్‌లోనో మేలోనో, ఫలితం తేలిపోయిన మ్యాచ్‌లో చివరి నిమిషాల్లో వేసిన ట్రైకి (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించడం, నాలుగు పాయింట్లు) కూడా విలువ ఉంటుందని అప్పుడు తెలిసింది. అలాంటి మ్యాచ్‌ల మధ్యలో టీవీ కట్టేసి పడుకునేవారంటే నాకు జాలి.

ఇక అక్టోబరు 1న జరిగిన ఫైనల్. మా పక్కింటివారు సమోవా కుటుంబం. వారి గరాజ్‌లో పెద్ద టీవీ పెట్టి వీధి వీధినంతా పిలిచారు. నేను పులిహోర, మిరపకాయ బజ్జీలు పట్టుకెళ్ళాను. విరామానికి పెన్రిత్ 8-6తో ముందుంది. రెండో సగం మొదలయ్యాక బ్రిస్బేన్ కుర్రాడు ఎజ్రా మామ్ కొద్ది నిమిషాల వ్యవధిలో మూడు ట్రైలు వేశాడు. 24-8. గరాజ్‌లో మాటలు ఆగిపోయాయి. దానికి తోడు భుజం గాయంతోనే బరిలోకి దిగిన మా జరోమ్ లువాయ్ బయటికి వెళ్ళిపోయాడు. ఎవరో లేచి కుర్చీలు మడవబోతే, ఆ ఇంటి పెద్దావిడ కసిరింది. "మన పిల్లలు శనివారం పొద్దున ఓడిపోతూ కూడా చివరిదాకా ఆడటం లేదా? వీళ్ళూ ఆ మైదానాల్లో ఆడినవాళ్ళే. కూర్చోండి" అంది.

కూర్చున్నాం. మా నేథన్ క్లియరీ రక్షణ గీతను చీల్చి దారి తీశాడు, మోజెస్ లియోటా ట్రై వేశాడు. ఆ తర్వాత క్లియరీ ఒక ఫార్టీ ట్వంటీ తన్నాడు. సొంత 40 మీటర్ల గీత వెనక నుంచి తన్నిన బంతి మైదానంలో నేల తాకి, ప్రత్యర్థి 20 మీటర్ల గీత దాటాక పక్కకు పోవాలి, అప్పుడు బంతి మళ్ళీ తన్నిన జట్టుకే వస్తుంది, అదీ అలసటతో కాళ్ళు వణికే సమయంలో. అది కుదిరింది. స్టీఫెన్ క్రైటన్ ట్రైతో అది 24-20 అయింది. ఇక చివరి నిమిషాల్లో క్లియరీ తానే బంతి పట్టుకుని, అడుగు మార్చి, మనుషుల మధ్య నుంచి దూసుకెళ్ళి గీత దాటాడు. కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్‌లోకి తన్నే రెండు పాయింట్ల కిక్) కూడా అతనే కొట్టాడు. 26-24. మా వీధిలో ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో నాకు గుర్తు లేదు. ఆరు ట్యాకిళ్ళలోపు, అంటే ప్రత్యర్థులు ఆరుసార్లు పట్టి ఆపేలోపు, పని ముగించాలన్న ఆ తొందర, కబడ్డీలో కూత తెగేలోపు గీత తాకాలన్న తొందరలాంటిదే. మనవాళ్ళకు ఈ ఆట ఎక్కదనేవారి మాట నేను నమ్మను.

ఒక సంగతి గమనించండి. రెండు జట్లూ నాలుగేసి ట్రైలు వేశాయి. అన్నిటికీ కన్వర్షన్ కుదిరింది. తేడా వచ్చింది మొదటి సగంలో పెన్రిత్ తీసుకున్న ఒక్క పెనాల్టీ గోల్ దగ్గర. ఆ సమయంలో "రెండు పాయింట్లకేనా తన్నడం, ట్రైకి వెళ్ళొచ్చుగా" అని గరాజ్‌లో విసుక్కున్నారు. సీజన్ పొడుగునా చూసినవారు మాత్రం విసుక్కోలేదు.

మధ్యలో రెండు ఫిర్యాదులు. ఫైనల్‌ను రాత్రి ఏడున్నరకు పెడుతున్నారు. ఆ ఏడాది వేసవి కోసం గడియారాలు గంట ముందుకు జరిపింది కూడా సరిగ్గా ఆ రోజే. ఆట ముగిసేసరికి చిన్నపిల్లల్లో సగం మంది సోఫాల మీద నిద్రపోయారు. ఈ ఆటను బతికించేది పిల్లలే అయినప్పుడు మధ్యాహ్నం ఆడించడానికి ఏమి అడ్డం? ఇక పందాల ప్రకటనలు. పదేళ్ళ పిల్లవాడు ఆటగాళ్ళ పేర్ల కంటే ముందు పందెం రేట్లు నేర్చుకుంటున్నాడు. ఇది తప్పు, ఎవరు ఎంత సమర్థించినా తప్పే.

నేను అసలు చెప్పదలచుకున్నది పెద్దావిడ అన్న ఆ మాట గురించే. ఆ పెన్రిత్ జట్టులోని లువాయ్, క్రైటన్, బ్రయాన్ టోఓ ఈ చుట్టుపక్కల, మౌంట్ డ్రూయిట్ పరిసరాల్లో పెరిగినవాళ్ళు. క్లియరీ స్వయానా కోచ్ ఐవన్ క్లియరీ కొడుకు. పెన్రిత్ బలం డబ్బు కాదు. శాలరీ క్యాప్ (ఆటగాళ్ళ జీతాలకు పరిమితి) ఉంది కాబట్టి ఏ క్లబ్బూ ఒక హద్దు దాటి ఖర్చు పెట్టడానికి వీల్లేదు. అందుకే గెలిచినప్పుడల్లా ఇంటి పిల్లలు బయటికి పోతుంటారు. 2022 విజయం తర్వాత కికావ్, కొరొయిసావ్ వెళ్ళారు. 2023 తర్వాత క్రైటన్, లెనియు. అయినా 2024లో మెల్‌బోర్న్ స్టార్మ్‌ను 14-6తో ఓడించి వరుసగా నాలుగోసారి గెలిచారు. పోయినవారి చోటికి కింది జట్ల నుంచి కుర్రాళ్ళు వస్తూనే ఉన్నారు.

మన దగ్గర చూడండి. ఐపీఎల్ వేలం రోజున ఎవరికి ఎన్ని కోట్లు అని రాత్రంతా చర్చిస్తాం. హైదరాబాదులో పెరిగిన సిరాజ్ 2018 నుంచి 2024 దాకా బెంగళూరుకు ఆడాడు. సన్‌రైజర్స్ ఓడినప్పుడు మనం యజమానులను తిడతాం కానీ, మన బస్తీల్లో పిల్లలు ఆడుకునే మైదానాలు ఏమయ్యాయని అడగం. వేలంలో కొన్న జట్టు మీద అభిమానం ఉండొచ్చు, కానీ అది మన వీధి జట్టు కాదు. ఈ విషయంలో నా అభిప్రాయాన్ని ఎవరూ మార్చలేరు.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల మీదా నాకు కోపమే. పిల్లవాడు లీగ్ ఆడతానంటే "ఎముకలు విరుగుతాయి, చదువు పోతుంది" అంటారు. తలకు తగిలే దెబ్బల భయం నిజమైనదే, నాకూ ఉంది. అందుకే తల అదిరినవాణ్ణి వెంటనే బయటికి తీసే కోచ్ ఉన్నాడా లేడా చూసుకుని మరీ చేర్పించాను. చూసుకోకుండానే వద్దనడం నాకు నచ్చదు.

మీ ప్రశ్నకే వస్తే, 2025 ఫైనల్ ఒక్కటే చూసినవారికి బ్రిస్బేన్ 26-22తో మెల్‌బోర్న్‌ను ఓడించినట్టు మాత్రమే తెలుసు. 2006 తర్వాత వారికి అదే మొదటి టైటిల్. అంతకు ముందు మ్యాచ్‌లో విరామానికి 14-0తో వెనకబడి, 16-14తో గెలిచింది ఎవరి మీదో తెలుసా? పెన్రిత్ మీదే. 2023 ఫైనల్‌లో 24-8 ఆధిక్యాన్ని పెన్రిత్‌కు చేజార్చుకున్నది ఈ బ్రిస్బేనే. మా జట్టు ఓడినా, బ్రిస్బేన్ ఆటగాళ్ళు రీస్ వాల్ష్, పేన్ హాస్ ఆ రోజు ఆడిన తీరుకు మా గరాజ్‌లో చప్పట్లు కొట్టాం.

కాబట్టి మార్చిలోనే మొదలుపెట్టండి. అన్ని మ్యాచ్‌లూ అక్కర్లేదు, ఒక జట్టును పట్టుకుని వారానికి ఒక్కటి చూడండి. పారమట్టా దగ్గర ఉంటే ఈల్స్‌ను పట్టుకోవచ్చు, అయితే వారికి 1986 తర్వాత టైటిల్ లేదు, చాలా ఓపిక కావాలి. పెన్రిత్ వైపు ఉంటే చెప్పండి, మా గరాజ్‌లో కుర్చీలకు కొదవ లేదు.