ఒకే డ్రమ్ము ఆయిల్ అన్నింటికీ వాడవద్దు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

రెండు టిప్పర్లు, ఒక ఎక్స్‌కవేటర్ కొని సొంతంగా పని మొదలుపెడుతున్నావని అక్కయ్య చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే, అన్నింటికంటే పెద్ద గ్రేడు ఆయిల్ ఒక్కటే డ్రమ్ముల్లో తెప్పించి అన్నింటికీ వాడతానని నీవు అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

గడువుకు ఆయిలూ ఫిల్టరూ మార్చడం, స్టార్ట్ చేయకముందే డిప్‌స్టిక్ చూడడం నీకు తెలిసినవే.

నేను వర్క్‌షాపులో ఉన్న రోజుల్లో గేరు మార్చినప్పుడల్లా గరగరమంటున్న ఒక లారీ వచ్చింది. క్లచ్ సరిగా తొక్కడం లేదని యజమాని డ్రైవరును అందరి ముందు తిట్టాడు. ఆ పిల్లవాడు తలవంచుకుని నిలబడ్డాడు. గేర్‌బాక్సు ఆయిల్ దింపితే డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి పెద్దగా ఏమీ అంటుకోలేదు, కానీ ట్రేను వెలుతురుకు వంచి చూస్తే ఆయిల్‌లో బంగారు రంగు రజను తేలాడుతోంది. అది సింక్రొనైజర్ రింగుల ఇత్తడి, అంటే గేరు మారేటప్పుడు వేగాలను సమం చేసే రింగులది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కనుక ప్లగ్గు ఒక్కటే చూసి బాగుందనుకునేవారు మోసపోతారు. గేర్ ఆయిల్ గ్రేడుల్లో మాన్యువల్ జీఎల్-4 అడిగితే, నాలుగు కంటే అయిదు మేలని ఎవరో జీఎల్-5 పోశారు. జీఎల్-5 చక్రాలను తిప్పే యాక్సిల్‌లోని హైపాయిడ్ అనే రకం గేర్ల కోసం చేసినది. అక్కడ పళ్ళు విపరీతమైన బరువు కింద ఒకదానిపై ఒకటి జారుతాయి కనుక అందులో గంధకం, భాస్వరం కలిసిన అడిటివ్‌లు ఎక్కువగా ఉంటాయి. వేడెక్కినప్పుడు వాటిలో కొన్ని ఇత్తడిని తినేస్తాయి. పైగా ఆ ఇత్తడి రింగు, గేరు వేగాన్ని సమం చేయాలంటే కొంత రాపిడి ఉండాలి. ఆయిల్ మరీ జారుడైతే ఆ పట్టు దొరకదు. తప్పు డ్రైవరుది కాదని తేలిన తరువాత కూడా అతనితో ఎవరూ ఒక మంచి మాట అనలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. నీ డ్రైవరు శబ్దం వస్తోందని చెబితే ముందు ఆయిల్ చూడు తల్లీ, తరువాతే మనిషిని అను.

ఇంజిన్ ఆయిల్‌లోనూ ఇదే చిక్కు. 2016 డిసెంబరులో అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ డీజిల్ ఇంజిన్ ఆయిల్ గ్రేడులు సీకే-4, ఎఫ్‌ఏ-4 రెండూ ఒకేసారి వచ్చాయి. సీకే-4ను చాలా పాత ఇంజిన్లలోనూ వాడవచ్చు; ఎఫ్‌ఏ-4 మాత్రం వేడిలో మరింత పలుచగా ఉండేలా కొన్ని కొత్త ఇంజిన్ల కోసమే చేసినది, కొత్తది కదా అని పాత ఇంజిన్‌లో పోయకూడదు. పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే మసి పట్టే ఫిల్టరు ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలి, లేకపోతే ఆ ఫిల్టరు పూడుకుపోతుంది. ఆయిల్ నల్లబడిందని కంగారు పడకు. డీజిల్ ఇంజిన్‌లో మసిని తనలో కలుపుకుని తిరగడం దాని పనే.

ఎక్స్‌కవేటర్ విషయంలో నా భయమంతా దుమ్ము గురించే. హైడ్రాలిక్ ఆయిల్ చిక్కదనం 46ది వాడాలో 68ది వాడాలో ఎండ తీవ్రతను బట్టి మాన్యువల్ చెబుతుంది, కానీ సీలు విప్పని కొత్త డ్రమ్ములోని ఆయిల్ కూడా ఆ పంపుకు చాలినంత శుభ్రంగా ఉండదని చాలామందికి తెలియదు. ఫిల్టరు ఉన్న పంపుతోనే ఎక్కించు, మూత లేని డబ్బాతో పోయనివ్వకు. డ్రమ్ములను ఆరుబయట నిలబెడితే పైన నిలిచిన వాన నీటిని రాత్రి చల్లబడినప్పుడు మూత సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటాయి. పడుకోబెట్టి, రెండు మూతలూ అడ్డంగా ఒకే మట్టంలో ఉండేలా చూడు. సర్వీసును ఇంజిన్ తిరిగిన గంటలు చూపే మీటరు లెక్కన చేయించు, నిలబడి తిరిగిన ఇంజిన్ కూడా ఆయిల్‌ను వాడుకున్నట్టే.

మూడు బండ్ల మాన్యువళ్ళలోనూ లూబ్రికెంట్ల పట్టిక ఉంటుంది. ఆ పేజీలు ఫొటో తీసి నాకు పంపు. నేను చూసి చెప్పేవరకు ఒక్క డ్రమ్ము కూడా కొనవద్దు.

నీ మామయ్య