ఫ్యాక్టరీ రైఫిల్ స్టాక్‌కు కొత్త మెరుగు: గళ్ల పని చివరికి ఉంచండి

వార్నిష్ పెచ్చులూడుతున్న వాల్‌నట్ స్టాక్ (రైఫిల్ లోహపు భాగాలు కూర్చునే చెక్క) మొత్తాన్ని గరుకు కాగితంతో రుద్దేసి నూనె పట్టించవచ్చా, చేయి జారకుండా పట్టు దగ్గర అడ్డగీతలతో వేసిన గళ్లు అరిగి పూడిపోతే ఏం చేయాలి అని అడిగారు. నూనె నిక్షేపంగా పట్టించవచ్చు. రుద్దడం మాత్రం గళ్ల అంచు దగ్గరే ఆగిపోవాలి. కాగితం ఒక్కసారి గళ్ల మీద నడిచిందంటే మొనలు పోయినట్టే. నేను చూసిన చెడిపోయిన స్టాకుల్లో చాలావరకు అక్కడే చెడ్డాయి.

ముందుగా మీ స్టాక్ మీదున్నవి కోసిన గళ్లా, అచ్చుతో నొక్కినవా అన్నది తేల్చుకోండి. కోసిన గళ్లలో గీతలు లోపలికి దిగి, వాటి మధ్య చిన్న చిన్న వజ్రాకారాలు మొనదేలి పైకి నిలబడతాయి. అచ్చు గళ్లలో అంతా తలకిందులు: వజ్రాకారాలే చెక్కలోకి దిగబడి, గీతలు గట్లలా పైకి కనిపిస్తాయి. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 పాత రైఫిళ్లు చాలావాటి మీద, 1964లో రూపు మార్చుకున్న వించెస్టర్ మోడల్ 70 మీద ఇవే ఉండేవి. చేత్తో కోయించడం కంటే అచ్చు చౌక మరి. మీవి అచ్చు గళ్లయితే కోత పనిముట్టు కొనకండి, కోయడానికి అక్కడ గాడి లేదు. శుభ్రం చేసి పలచగా నూనె తగిలించి వదిలేయండి. నొక్కిన చెక్క తడి ఆవిరికి మళ్లీ ఉబ్బుతుంది కాబట్టి ఇస్త్రీ పెట్టెను కూడా ఆ దరికి రానివ్వద్దు.

ఇంకో మాట. అది ముద్రలున్న పాత సైనిక రైఫిల్ అయితే ఈ పనే పెట్టుకోకండి. సేకరించేవాళ్లు మాసిన అసలు పూతకు ఇచ్చే విలువ మన కొత్త మెరుగుకు ఇవ్వరు.

రైఫిల్ ఖాళీగా ఉందని చాంబర్‌లోకి (తూటా కూర్చునే గదిలోకి) చూసి రూఢి చేసుకున్నాకే లోహపు భాగాలన్నీ, స్టాక్ చివర భుజానికి ఆనే రబ్బరు ప్యాడ్‌నూ విప్పండి. పాత పూతను తీసేది రిమూవర్ (వార్నిష్‌ను మెత్తబరిచే మందు), గరుకు కాగితం కాదు. జెల్‌లా ఉండే రకమైతే జారిపోదు. తలుపులు తెరిచి, చేతి తొడుగులు వేసుకుని మందంగా పూయండి. పూత ముడతలు పడి లేచాక ప్లాస్టిక్ పలకతో గీకేయండి. గళ్లలో నైలాన్ టూత్ బ్రష్‌ను రెండు వరుసల గీతల వెంటా నడపాలి, గుండ్రంగా తిప్పితే మొనలు విరుగుతాయి. వార్నిష్, ఏళ్ల తరబడి పేరుకున్న చేతి జిడ్డు కలిసి గోధుమరంగు గుజ్జులా బయటికి వస్తుంది. చాలాసార్లు గళ్లు అరిగిపోలేదని, కేవలం పూడిపోయాయని అప్పుడే తెలుస్తుంది. అలాగైతే మీ పని సగం తగ్గినట్టే.

నొక్కులున్నచోట తడిగుడ్డ వేసి వేడి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే చెక్క తిరిగి లేస్తుంది. నార తెగిన గాటు మాత్రం లేవదు, దాన్ని రుద్దాల్సిందే, లేదా గుర్తుగా ఉంచుకోవాల్సిందే. ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

రుద్దే ముందు గళ్ల అంచు చుట్టూ రెండు పొరల మాస్కింగ్ టేప్ వేయండి. రిమూవర్ కోసం తీసిన రబ్బరు ప్యాడ్‌ను మళ్లీ బిగించి, దానికీ టేప్ చుట్టండి. ప్యాడ్ లేకుండా రుద్దితే చెక్క అంచు గుండ్రమైపోయి ప్యాడ్ బయటికి పొడుచుకొస్తుంది. చెక్క లోహాన్ని కలిసే అంచులదీ ఇదే కథ: అక్కడ చెక్క లోహం కంటే వెంట్రుకవాసి ఎత్తులో ఉంటేనే అందం. కాగితాన్ని గట్టి దిమ్మెకు చుట్టి, నార పోయిన దిక్కుకే 220, 320, 400 నంబర్ల గరుకు కాగితాల వరుసలో వెళ్లండి. చివర్లో తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది, దాన్ని 400తో తేలిగ్గా తీసేయండి.

నూనె సంగతి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే అది తేలిక. పచ్చి అవిసె నూనె చాలా నెమ్మదిగా ఆరుతుంది. ఆరబెట్టే మందు కలిపిన అవిసె నూనె గానీ, ట్రూ ఆయిల్ లాంటి స్టాక్ మెరుగు నూనె గానీ వేలికొనతో పలచగా రాసి, పూర్తిగా ఆరాకే మరో పూత వేయండి. బట్ చివర ప్యాడ్ కింద, బ్యారెల్ కూర్చునే గాడిలో కూడా పట్టించండి, తేమ ఎక్కువగా దూరేది అక్కడినుంచే. నూనె గుడ్డలను మాత్రం ఉండచుట్టి పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

పూత గట్టిపడ్డాకే గళ్ల వంతు. ఫ్యాక్టరీ గళ్లు సాధారణంగా అంగుళానికి 18 నుంచి 22 గీతలుంటాయి. ఒకే గీతను కోసే పనిముట్టు చాలు, దాని కోణం పాత గాడికి సరిపోవాలి. దీపాన్ని పక్కనుంచి వాలుగా పెట్టండి. అరిగిన ప్రతి వజ్రం తలమీద చదునైన చోట ఒక మెరుపు చుక్క కనిపిస్తుంది. పాత గీతలోనే పనిముట్టును బరువు వేయకుండా చిన్న చిన్న తోపులతో నడపండి. ఒక దిక్కు గీతలన్నీ అయ్యాకే రెండో దిక్కు పట్టుకోండి. గాడి లోతయ్యేకొద్దీ ఆ చుక్క చిన్నదవుతూ మాయమవుతుంది. మాయమైన చోట ఆపేయాలి, ఇంకో తోపు తోస్తే వజ్రం పొట్టిదవుతుంది. అంచు గీతకు చేరువవుతుంటే ఎదురు దిశ నుంచి లోపలికి కోసుకు రండి. జారినా గీటు గళ్లలోనే పడుతుంది, నున్నటి చెక్క మీద పడదు.

పొడిని బ్రష్‌తో దులిపి, టర్పెంటైన్‌తో పలచన చేసిన నూనెను టూత్ బ్రష్‌తో అద్దండి. కొద్ది నిమిషాలాగి పొడి బ్రష్‌తో మిగులును లాగేయండి. గాడిలో నూనె నిలిచి గట్టిపడితే గళ్లు మళ్లీ పూడుకుపోతాయి. గళ్లకు ఒకటి రెండు పూతలు చాలు, అవి మెరవనక్కర్లేదు, చేతికి పట్టివ్వాలి. స్టాక్‌ను బిగించిన కొన్ని వారాలకు మరలు ఒకసారి సరిచూసుకోండి.