ఫ్రెంచ్ కార్లు తొందరగా మొరాయిస్తాయన్నది నిజమేనా?

అన్నీ మొరాయించవు, ఆ చెడ్డపేరు చాలావరకు కొన్ని మోడళ్ల ఎలక్ట్రానిక్స్, కొన్ని ఇంజన్ల వల్ల వచ్చింది. రెనో, ప్యూజో, సిట్రోయెన్ కంపెనీలు కొత్త టెక్నాలజీని మామూలు ధర కార్లలో తరచూ ముందే పెట్టేసేవి. అది కుదురుకోకముందే బండి రోడ్డెక్కితే తిప్పలు కొన్నవాడివి. 2000 ప్రాంతంలో కార్లలో వైరింగు, సెన్సర్లు ఒక్కసారిగా పెరిగినప్పుడు జరిగింది అదే.

రెనో లగూనా రెండో తరాన్ని చూడండి. 2001లో, యూరప్‌లో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ పరీక్షలో 5 స్టార్లు తెచ్చుకున్న మొదటి కారు అది. అంటే బాడీ గట్టిదే. తాళంచెవి బదులు కార్డు, టైర్లలో గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు కూడా ఇచ్చారు. తీరా ఎలక్ట్రానిక్స్ సతాయించి దాని పరువు తీశాయి (పాపం, పేరు మళ్లీ కోలుకోలేదు).

చాలామంది పొరబడేది ఎక్కడంటే, తలుపు బరువుగా ‘ధబ్’మని పడితే బండి మన్నుతుందనుకుంటారు. ఫినిషింగ్ వేరు, మన్నిక వేరు. 1968లో వచ్చిన ప్యూజో 504 సాదాసీదా బండే. ఆఫ్రికా గతుకుల రోడ్ల మీద దశాబ్దాలపాటు ట్యాక్సీగా తిరిగింది.