రాజీనామా ఇస్తే పుకారు ఆగుతుందా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా అన్నయ్య మా ఊళ్లో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల మాస్టారు. పదేళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. పోయిన నెల తొమ్మిదో తరగతి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ‘లెక్కల సార్ ట్యూషన్‌కొచ్చే ఆడపిల్లలతో సరిగా ఉండడంట, జాగ్రత్త’ అని. ఏ పిల్లతోనో, ఎప్పుడో అందులో లేదు. ఆ గొంతు ఎవరిదో తెలియదు, అది ఫార్వర్డ్ చేసిన మెసేజ్. అంతకు వారం ముందే అన్నయ్య పరీక్షలో స్లిప్పులు పెట్టి రాస్తున్న ఒక అబ్బాయి దగ్గర పేపర్ లాక్కున్నాడు. వాళ్ల నాన్న గేటు దగ్గర నిలబడి ‘నీ సంగతి చూస్తా’ అని వెళ్లాడు. ఆయన పనే అని మా అనుమానం, రుజువు మాత్రం లేదు. ట్యూషన్ పిల్లలు దాదాపు అందరూ మానేశారు. కరస్పాండెంట్ గారు పిలిచి ‘మీ మీద నాకు నమ్మకం ఉంది మాస్టారూ, కానీ స్కూలు పేరు పోతోంది. మీరే రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుంది’ అన్నారు. హైదరాబాద్ వెళ్లి వేరే ఉద్యోగం చూసుకోమని బంధువులు అంటున్నారు. అన్నయ్య సరిగా తినడం లేదు, రాత్రిళ్లు నిద్ర పోవడం లేదు. ఇచ్చేయమంటారా?
– ఒక చెల్లెలు, పల్నాడు జిల్లా

జవాబు: వద్దమ్మా. ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా ఆపండి, మిగతావి తర్వాత చూద్దాం.

కరస్పాండెంట్ గారు తీసేస్తామనలేదు, మీరే ఇవ్వండి అన్నారు, గమనించారా? అది మర్యాద అనుకోకండి. ఆంధ్రప్రదేశ్ విద్యాచట్టం 1982లో 79వ సెక్షన్ ఉంది. ప్రైవేటు స్కూలు టీచరునైనా సరే, ఆరోపణ ఏమిటో చెప్పి, జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చి, విచారణ జరపకుండా తీసేయకూడదు. రాజీనామా ఇచ్చేస్తే ఆ బెడద యాజమాన్యానికి తీరిపోతుంది. మీ అన్నయ్యకేమో విచారణ జరగనే జరగదు. తప్పు చేయలేదని ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వరు. ‘ఏమీ లేకపోతే ఎందుకు మానేస్తాడు?’ అనే మాట మాత్రం హైదరాబాద్ దాకా వెంటబడుతుంది. ఈ రోజుల్లో ఊరు మారితే ఫోన్లు మారవు కదా.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యాను. ఆకాశరామన్న ఉత్తరాలు మాకు కొత్త కాదు. ఇన్‌లాండ్ కవరు మీద ఎడమచేత్తో రాసినట్టు వంకర అక్షరాలు. బదిలీల సీజన్ వచ్చిందంటే డీఈఓ ఆఫీసుకు ఇంకాస్త ఎక్కువగా వెళ్లేవి. నాకు తెలిసిన ఒక సైన్స్ టీచరమ్మ మీద అలాంటిదొకటి వస్తే, ఆవిడ సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ సెలవునే ఊరంతా రుజువు కింద లెక్కేసింది. ఇంకో స్కూల్లో ఒక తెలుగు మాస్టారు ఆ ఉత్తరం నకలు పట్టుకుని నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చి, ‘మేడమ్, దీని మీద విచారణ వేయండి, లేదంటే నేనే పై ఆఫీసుకు రాస్తాను’ అన్నారు. విచారణ జరిగింది. తరగతిలో పిల్లలతో నేనూ మరో లేడీ టీచరూ విడివిడిగా మాట్లాడాం. తేలిందేమీ లేదు, అదే రాసి పంపాం. ఆయన అదే స్కూల్లో ఉండి పదవీ విరమణ చేశారు.

ఒక మాట చెప్తాను, నొచ్చుకోకండి. మీ అన్నయ్య ఏ తప్పూ చేయలేదని నేను రాయలేను, ఆయన్ని నేను చూడలేదు. మీరు చెల్లెలు కాబట్టి నమ్ముతున్నారు, అది సహజం. పిల్లల మీద అఘాయిత్యాలు చేసిన టీచర్లు కూడా ఉన్నారు. స్కూలు పరువు పేరుతో వాళ్లను గుట్టుగా సాగనంపితే పక్క ఊరి స్కూల్లో చేరారు. ‘మీరే రాజీనామా ఇవ్వండి’ అనే పద్ధతిలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. తప్పు చేసినవాడు దాంతో తప్పించుకుంటాడు, చేయనివాడు మునిగిపోతాడు. విచారణ జరిగితే ఇద్దరిలో ఎవరు ఎవరో తేలుతుంది.

2007లో ఢిల్లీలో జరిగింది మీకు గుర్తుండకపోవచ్చు. ఒక ప్రభుత్వ బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పే టీచరు విద్యార్థినులను వ్యభిచారంలోకి దింపుతోందని ఆగస్టు చివర్లో ఒక హిందీ వార్తా ఛానెల్ స్టింగ్ ఆపరేషన్ ప్రసారం చేసింది. జనం స్కూలు మీదికి వచ్చారు, ఆమెను కొట్టారు, బట్టలు చింపారు. పోలీసులు అరెస్టు చేశారు. ప్రభుత్వం నిజానిజాలు తేలకముందే ఉద్యోగం నుంచి తీసేసింది. కొద్ది రోజుల్లోనే పోలీసుల దర్యాప్తులో అసలు సంగతి బయటపడింది. వీడియోలో విద్యార్థినిగా చూపించిన అమ్మాయి ఆ స్కూలు పిల్ల కానే కాదు, జర్నలిస్టు కావాలనుకుంటున్న యువతి. ఆ టీచరుతో డబ్బు గొడవ ఉన్న ఒక వ్యాపారి దీని వెనక ఉన్నాడని పోలీసులు చెప్పారు. రిపోర్టర్ అరెస్టయ్యాడు, ఛానెల్ ప్రసారాలను కేంద్రం నెల రోజులు నిలిపేసింది. ఢిల్లీ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, అదే ఏడాది డిసెంబరులో స్టింగ్ ఆపరేషన్లకు మార్గదర్శకాలు సూచించింది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. కావాల్సినదానికంటే చాలా ఎక్కువసార్లే అచ్చయింది.

అంతకు రెండు వందల ఏళ్ల ముందు ఎడిన్‌బరోలో జేన్ పిరీ, మరియన్ వుడ్స్ అనే ఇద్దరు టీచర్లు ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు నడిపేవారు. వాళ్లిద్దరి మధ్య అనుచిత సంబంధం ఉందని 1810లో ఒక విద్యార్థిని తన నాయనమ్మకు చెప్పింది. ఆ పిల్ల మన దేశంలో, భారతీయ తల్లికి పుట్టినదే. పలుకుబడి ఉన్న ఆ పెద్దావిడ మిగతా కుటుంబాలకు కబురు పంపింది, అంతే, రోజుల్లో స్కూలు ఖాళీ. టీచర్లు పరువునష్టం దావా వేశారు. 1811లో ఒక్క ఓటు తేడాతో ఓడారు, 1812లో ఒక్క ఓటు తేడాతోనే గెలిచారు. అవతలివాళ్లు బ్రిటన్ ప్రభువుల సభ దాకా అప్పీలుకు వెళితే 1819లో అది కొట్టేశారు. కేసు గెలిచారు సరే, స్కూలు మళ్లీ తెరుచుకోలేదు. మీ వాళ్లు ఇప్పటికే లాయరు నోటీసు, పరువునష్టం దావా అంటూ ఉంటారు కాబట్టి ఇంత చెప్పాను. దావా చివర్లో వేసుకునేది. ముందు చేయాల్సింది విచారణ అడగడం, అదీ ఈ వారంలోనే.

మీ అన్నయ్య కరస్పాండెంట్ గారికి ఒక ఉత్తరం రాయాలి. ఫలానా తేదీన ఫలానా మెసేజ్ తన దృష్టికి వచ్చిందని, రాతపూర్వక ఫిర్యాదు ఏదైనా ఉంటే నకలు ఇవ్వమని, లేకపోతే విచారణ జరిపి ఫలితం రాతలో ఇవ్వమని. కోపం, కన్నీళ్లు, ఇన్నేళ్ల సేవ, ఇవేవీ అందులో వద్దు. చేత్తో ఇస్తే నకలు మీద సంతకం తీసుకోవాలి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. నిజంగానే ఏ పిల్లయినా ఫిర్యాదు చేసి ఉంటే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం స్కూలువాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే వాళ్లకే శిక్ష. అప్పుడు మంచి క్రిమినల్ లాయరు అవసరం, ఆలస్యం చేయకండి.

ఆ మెసేజ్ ఎవరి ఫోన్‌లో ఉంటే వాళ్లు డిలీట్ చేయకుండా చూడండి. కోర్టులో పనికి రావాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది లాయరు చూసుకుంటారు. అది ఎక్కడ మొదలైందో పట్టుకోవడం పోలీసుల పని. కావాలని పరువు తీయడానికి లైంగిక నేరం అంటగడుతూ అబద్ధపు ఫిర్యాదు చేస్తే పోక్సో 22వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు ఉంది, పిల్లలకు మాత్రం ఆ శిక్ష వర్తించదు. భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా ఉంది. సివిల్ దావాకు గడువు ఏడాదే.

ఇక స్లిప్పుల అబ్బాయి తండ్రి. ఆయన పేరు నోటీసులో పెట్టొద్దు, ఊళ్లో ఎక్కడా అనొద్దు. రుజువు లేకుండా అంటే మీరూ ఇంకో పుకారు పుట్టించినవారవుతారు, కేసు మీ మీదే పడుతుంది. ట్యూషన్ పిల్లల ఇళ్లకు వెళ్లి ‘మా సార్ మంచివారు’ అని రాయించుకోవడం అసలే వద్దు. రేపు దాన్నే బెదిరింపు అంటారు.

నాకు అన్నిటికంటే భయంగా ఉన్నది ఆయన తిండి, నిద్ర మానేయడం. రాత్రిపూట ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. డాక్టరు దగ్గరికి ఈ వారమే తీసుకెళ్లండి. ‘నాకేం పిచ్చి పట్టిందా’ అంటారు, అననివ్వండి, తీసుకెళ్లండి.

ప్రశ్న: మా పాప స్కూలు పేరెంట్స్ గ్రూపుకి నేను అడ్మిన్. ఒక పీఈటీ సార్ గురించి ఎవరో చెడుగా మెసేజ్ పెట్టారు. డిలీట్ చేశాను. నా మీద కేసు పడుతుందేమోనని ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: సభ్యులు పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యులు కారని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. మీరు వేరే గ్రూపుకి పంపి ఉంటే మాత్రం లెక్క వేరు. డిలీట్ చేసేముందు స్క్రీన్‌షాట్ తీసి ఉండాల్సింది. గ్రూపులో ఇంకెవరి ఫోన్‌లోనైనా ఉందేమో అడగండి. పెట్టినవారికి విడిగా ఫోన్ చేసి ‘మీకు ఏ పిల్ల చెప్పింది? ఎప్పుడు?’ అని అడగండి. ‘ఎవరో అన్నారు’ అంటే హెడ్మాస్టర్‌కి ఆ సంగతి రాతలో తెలియజేయండి. పిల్ల నిజంగా చెప్పి ఉంటే గ్రూపులో చర్చ పెట్టకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ ఆ రోజే చెప్పండి. పిల్ల పేరు ఎక్కడా రాయకండి.