యూజర్ పక్కన కూర్చుని రాయి

తమ్ముడూ,

కొత్త టీమ్‌లో సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్, హెల్ప్ పేజీలు రాయడం కంటే యూజర్లతో మాట్లాడడమే ఎక్కువైంది, ఇది అసలు నా పనేనా అక్కా అని అడిగావు. నీ పనే. టెన్షన్ పడకు.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు ఇంజినీర్ ఇచ్చిన స్పెసిఫికేషన్ చదివి, మాన్యువల్ రాసి, రిలీజ్ నాటికి అందిస్తే మా బాధ్యత తీరిపోయేది. ఒకసారి ఇన్‌స్టాలేషన్ గురించి 40 పేజీలు రాశాను. తర్వాత ఒక యూజర్ పక్కన కూర్చునే అవకాశం వచ్చింది. ఆయన ఆ పేజీలు తెరవనే లేదు. తనకు తోచినట్టు మొదలుపెట్టాడు, మధ్యలో ఆగిపోయింది. అప్పుడు స్క్రీన్ మీద కనిపించిన ఎర్రర్ నంబర్ కోసం నా మాన్యువల్‌లో వెతికాడు. ఆ నంబర్ నేను ఎక్కడా రాయలేదు. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

1980ల్లో ఐబీఎంలో పరిశోధకుడు జాన్ క్యారల్, ఆయన సహచరులు వర్డ్ ప్రాసెసర్ నేర్చుకునేవాళ్లను గమనించినప్పుడు కనిపించిందీ ఇదే. జనం మొదటి పేజీ నుంచి వరుసగా చదవరు. ముందు పని మొదలుపెడతారు, ఇరుక్కున్నాక వెతుకుతారు. అందుకే క్యారల్ మాన్యువల్‌ను బాగా కుదించి, తప్పు జరిగితే ఎలా బయటపడాలో అందులో చేర్చాడు.

నువ్వూ ముందు చూడడం నేర్చుకో. నలుగురైదుగురు చాలు. ఒక పని ఇచ్చి, మనసులో అనుకుంటున్నది పైకి చెప్పమను. ఇక నువ్వు మాట్లాడకు. అన్నిటికంటే కష్టం ఇదే. వాళ్లు తప్పు బటన్ మీద చెయ్యి పెట్టగానే "అది కాదండీ" అనాలని నాలుక దాకా వస్తుంది. ఆపుకో. నువ్వు పక్కన లేని రోజు వాళ్లు ఏం చేస్తారన్నదే నీకు కావాలి.

వారానికోసారి సపోర్ట్ టీమ్ దగ్గరికి వెళ్లి టికెట్లు, అంటే యూజర్లు సాయం కోరుతూ పంపినవి, చదువు. యూజర్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకో. వాళ్లు "లాగిన్ అవ్వట్లేదు" అంటారు, మన పేజీకి "ఆథెంటికేషన్ వైఫల్యం" అని పేరు పెట్టి ఉంటుంది. ఇక దొరికేదెలా? సెర్చ్‌లో ఏ ఫలితమూ రాని మాటల జాబితా కూడా అడిగి తీసుకో.

ఎవరైనా "ఈ పేజీ పనికిరాదు" అని రాస్తే వాదించకు. "ఏం చేయబోతూ ఈ పేజీకి వచ్చారు?" అని అడుగు. ముందు వాళ్ల పని గట్టెక్కించు, తర్వాత పేజీ దిద్దు, దిద్దాక మళ్లీ వాళ్లకు చెప్పు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు, నాకు చాలా బాధనిపిస్తుంది. తన మాట వల్ల పేజీ మారిందని తెలిసిన మనిషి రేపు ఇంకో తప్పు కనబడితే తనే వచ్చి చెబుతాడు. కానీ బగ్ ఫలానా తేదీకి పోతుందని మాత్రం మాట ఇవ్వకు, అది డెవలపర్లు చెప్పాల్సింది.

ఇంకొకటి. ఒక బటన్ గురించి మూడు హెచ్చరికలు రాయాల్సి వస్తోందంటే, ఆ బటన్ పేరే సరిగా లేదేమో చూడు. యూజర్ ఎక్కడ తడబడ్డాడో పట్టుకుని డిజైనర్ దగ్గరికి వెళ్లు. "నీకెందుకు" అంటే వెనక్కి రాకు, చూసినవాడివి నువ్వే.

మొదటి యూజర్‌తో కూర్చున్నాక నీ నోట్స్ దిద్దకుండా అలాగే నాకు పంపు. ఆదివారం ఫోన్‌లో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
అక్క