మీరడిగారు: పాస్టరుగారిని పిలిచిందెవరు, చూసుకోవాల్సిందెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు బాప్టిస్టు (క్రైస్తవుల్లో ఒక శాఖ) పాస్టర్ల గురించే ఉన్నాయి. అందుకే ఈ సంచికలో వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మావాడు బీటెక్ చేశాడు, శ్రీసిటీలో ఉద్యోగం. ఇప్పుడది మానేసి పాస్టరునవుతానంటున్నాడు. వాళ్ల నాన్నకు ఒకటే టెన్షన్. అసలు బాప్టిస్టు పాస్టరు ఎలా అవుతారు? బతుకుతెరువు ఉంటుందా?
(ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: అమ్మా, ముందు ఒక సంగతి తెలుసుకోండి. బాప్టిస్టుల్లో పైనుంచి బిషప్పుగారు ఆర్డరు వేసి ఫలానా ఊరికి పొమ్మని పంపే పద్ధతి లేదు. ఏ సంఘానికా సంఘమే తన పాస్టరును పిలుచుకుంటుంది, సభ్యులంతా కూర్చుని ఒప్పుకుంటేనే ఆయన వస్తాడు, డీకన్లు, అంటే సంఘ పెద్దలు, ఆయనతో కలిసి పని చూస్తారు. కాబట్టి మీవాడికి పిలుపు ఉందని మీవాడొక్కడే అనుకుంటే సరిపోదు, అతన్ని ఎరిగిన సంఘం కూడా అనాలి. ఆ తర్వాత చదువు. డిగ్రీ ఉంది కాబట్టి బీడీలో (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లు చదివే డిగ్రీ) చేరొచ్చు, చాలా సెమినరీలు, అంటే పాస్టర్లను తయారుచేసే కాలేజీలు, ఈ పట్టాను సేరంపూరు కాలేజీ సెనేట్ కింద ఇస్తాయి. 1818లో ఆ సేరంపూరు కాలేజీ పెట్టిన విలియం కేరీ కూడా బాప్టిస్టే, చెప్పులు కుట్టుకుంటూ చదువుకున్న మనిషి. మన తెలుగు సంఘాల పిల్లలు చాలామంది హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ థియోలాజికల్ కాలేజీకి వెళ్తారు. చదువయ్యాక కొంతకాలం ఒక పెద్ద పాస్టరు దగ్గర పని నేర్చుకోవాలి, అప్పుడు గాని చేతులుంచి అభిషేకం చెయ్యరు.

పని సంగతంటారా, ఆదివారం ప్రసంగం కనబడే భాగం మాత్రమే. తిరుపతి పాస్టరుకి సగం పని ఆస్పత్రుల్లోనే ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం, కడప నుంచి రోగులు రుయాకీ స్విమ్స్‌కీ వస్తారు, వాళ్ల ఊరి అయ్యగారు ఇక్కడి అయ్యగారికి ఫోన్ చేసి "మా వాళ్లు ఐసీయూ బయట కూర్చున్నారు, ఒక్కసారి చూసి రండయ్యా" అంటారు. ఈయన ముక్కూ మొహం తెలియని ఆ మనుషుల పక్కన కూర్చుని ప్రార్థన చేసి, రక్తం ఇచ్చేవాళ్లను వెతికి, రాత్రి ఉండడానికి చోటు చూపించి, జరగరానిది జరిగితే అంబులెన్సు మాట్లాడి పంపేదాకా ఉంటాడు. చిత్తూరులో ఉన్నవాళ్లకైతే ఇదే పని వెల్లూరు సీఎంసీలో. ఇవి కాక భూస్థాపనలు, ఆదరణ కూటాలు, గృహ దర్శనాలు, విడిపోతామంటున్న భార్యాభర్తల మధ్య అర్ధరాత్రి దాకా కూర్చోవడాలు. పైగా ఇది వెంకన్న ఊరు. కొండమీద అన్యమత ప్రచారాన్ని ప్రభుత్వం 2007లో నిషేధించింది, ఆ గీత దాటకూడదు. కింద ఊళ్లో కూడా చుట్టూ గోవిందనామం పలికే ఇరుగుపొరుగుతో పెళ్లికీ చావుకీ కలిసి నిలబడే మనసు లేనివాడు ఇక్కడ పాస్టరుగా పనికిరాడని నా అభిప్రాయం.

జీతం మాటకొస్తే, పాత సంఘాల్లో ఎంతో కొంత నికరంగా ఉంటుంది. పల్లెల్లో కానుకలే ఆధారం. ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు ఉన్నారు, అందులో చిన్నతనం ఏమీ లేదు, పౌలు గుడారాలు కుట్టి బతికాడు.

మీవాడికి నా మాటగా ఒక కథ చెప్పండి. తెలుగునాట అమెరికన్ బాప్టిస్టుల పని శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడడంతో పాతుకుంది. తర్వాత ఒంగోలుకు వచ్చిన జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వే పని తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చూశాడు. జనం బాప్తిస్మం ఇవ్వమని వస్తే మాత్రం కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. అది ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి ఇచ్చింది క్లౌ దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. నాకు ఆ 2,222 కన్నా, అంతకుముందు ఆగమని చెప్పిన ఆ నెలలే ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. మీవాణ్ని కూడా ఒక సంవత్సరం ఆగమనండి. ఉద్యోగం చేసుకుంటూనే సెలవు రోజుల్లో మీ పాస్టరుగారి వెంట ఆస్పత్రులకూ సమాధుల తోటకూ తిరగనివ్వండి. అప్పటికీ అదే మాట అంటే దీవించి పంపండి.

ప్రశ్న: మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా ఒకే సంఘానికి సేవ చేశారు. మొన్న రిటైర్ అయ్యారు. మూడు నెలల్లో ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. పీఎఫ్ లేదు, సొంతిల్లు లేదు. దేవుడి పని చేసి డబ్బు అడగడం తప్పని నాన్న నోరెత్తడం లేదు. మేమేం చెయ్యాలి?
(ఒక పాస్టరుగారి కూతురు, చిత్తూరు)

జవాబు: తల్లీ, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అడగడం తప్పు కాదు. పనివాడు తన జీతానికి పాత్రుడని 1 తిమోతి 5:18 చెబుతోంది, సువార్త ప్రకటించేవాళ్లు దానివల్లే బతకాలని ప్రభువే నియమించాడని 1 కొరింథీ 9:14లో ఉంది. ఈ వచనాలు మీ నాన్నగారు తన గురించి తాను చెప్పుకోలేరు, సంఘంలో ఎవరో ఒకరు లేచి చెప్పాలి.

ఇల్లు సంఘానిదే, వచ్చే పాస్టరుకి కావాలి, అది ఒప్పుకోవాల్సిందే. కానీ గడువు పెంచమనీ, వేరే ఇంటికి అడ్వాన్సూ కొన్నాళ్ల అద్దే ఇవ్వమనీ డీకన్లకు ఉత్తరం రాయండి, దాన్ని సర్వసభ్య సమావేశంలో చదవమని కోరండి. బిషప్పు లేడు, మా సంఘం మాదే అని గొప్పగా చెప్పుకుంటాం కదా, మరి ఆ పెద్దరికంతో పాటు ఈ బాధ్యత కూడా సంఘానిదే. పిలిచేటప్పుడు అందరూ చేతులెత్తారు, పంపేటప్పుడు ఇద్దరు డీకన్లు వచ్చి తాళాలు అడిగితే ఎలా? ఈలోగా మీ సచివాలయంలో వృద్ధాప్య పింఛను, నెలకు 4,000, దానికి నాన్నగారు అర్హులవుతారేమో కనుక్కోండి.

ఇది చదువుతున్న సంఘ పెద్దలకు కూడా చెబుతున్నాను. మీ పాస్టరు చిన్నవాడైతే ఈ నెలే ఆయన్ని బ్యాంకుకు తీసుకెళ్లండి. అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్లలోపు, ఆదాయపు పన్ను కట్టనివాళ్లు చేరొచ్చు. ముప్పయ్యో ఏట చేరితే నెలకు 577 రూపాయలు కట్టాలి, అరవై తర్వాత నెలకు 5,000 వస్తుంది. అదే 40 ఏళ్లకు చేరితే 1,454 కట్టాలి, అంటే మీరు ఆలస్యం చేసేకొద్దీ భారం పెరుగుతుంది. నలభై దాటినవాళ్లకు ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఉంది. క్రిస్మస్ స్టేజీకీ లైటింగుకీ పెట్టే ఖర్చులో కొంత తగ్గిస్తే ఈ డబ్బు సులువుగా సమకూరుతుంది.

ప్రశ్న: నేను డీఎస్సీకి చదువుకుంటున్నాను. మావారు పాస్టరు. స్త్రీల కూటం, సండే స్కూలు, ఇంటికొచ్చినవాళ్లకు కాఫీ టిఫిన్లు అన్నీ నావే. "పాస్టరమ్మ ఉద్యోగానికి పోతే సేవ ఎవరు చూస్తారు?" అని పెద్దలు అంటున్నారు.
(ఒక సోదరి, పుత్తూరు)

జవాబు: డీఎస్సీ రాయండమ్మా. సంఘం పిలిచింది మీవారిని, ఒక జీతానికి ఇద్దరిని కాదు. పాత మిషన్ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీలకు కూడా జీతం ఉండేది, ఆ మాత్రం న్యాయం అప్పుడే ఉంది. మీకు ఇష్టమైన పని ఒకటి మీ దగ్గర పెట్టుకుని, మిగతావి ఎవరెవరు చూస్తారో మీవారి చేత కమిటీలో మాట్లాడించండి, మీరు మాట్లాడితే గొడవ అంటారు. ఒకవేళ మీకు ఉద్యోగం వస్తే దాన్ని సాకుగా పెట్టుకుని ఆయన జీతం తగ్గించకుండా కూడా చూసుకోండి, అలా జరిగిన చోట్లు నాకు తెలుసు.

ప్రశ్న: మాది లూథరన్ (క్రైస్తవుల్లో ఇంకో శాఖ) కుటుంబం, పసితనంలోనే బాప్తిస్మం అయింది. కాబోయే భర్త బాప్టిస్టు. పెళ్లికి నేను మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా? వాళ్ల పాస్టరు చేసిన పెళ్లి చెల్లుతుందా?
(ఒక యువతి, రేణిగుంట)

జవాబు: మన తిరుపతి, రేణిగుంట వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ వల్ల లూథరన్లు పాతవాళ్లు, కాబట్టి ఇలాంటి సంబంధాలు మామూలే. బాప్టిస్టులు పసిబిడ్డలను దేవుడికి ప్రతిష్ఠ (అంకితం) మాత్రమే చేస్తారు, తానుగా విశ్వసించి ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. వాళ్ల సంఘంలో సభ్యత్వం కావాలంటే చాలాచోట్ల అది అడుగుతారు. పెళ్లికి మాత్రం చట్టం అడగదు. మీ మనసు ఒప్పుకోకుండా పెళ్లి తేదీ కోసం తొందరపడి నీళ్లలోకి దిగొద్దు, నిజమైన పాస్టరెవరూ మిమ్మల్ని బలవంతపెట్టరు.

చెల్లుబాటు గురించి: 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద, బిషప్పు అభిషేకం లేని బాప్టిస్టు పాస్టరుకి పెళ్లిళ్లు చేయడానికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఉందా అని ముందే అడగండి, ఇందులో మొహమాటం వద్దు, రేపు వీసాకో పాస్‌పోర్టుకో సర్టిఫికెట్టు కావాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది పడేది మీరే. ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, పెళ్లి మామూలుగా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపు జరగాలి, రిజిస్టరులో మీ ఇద్దరితో పాటు సాక్షులు సంతకం చెయ్యాలి. ఆ పాస్టరుకి లైసెన్సు లేకపోతే, ఉన్న ఇంకో పాస్టరుని పిలిపించి పెళ్లి ఆయన చేత చేయించుకుని, ప్రసంగం మాత్రం మీ కాబోయే భర్తవాళ్ల పాస్టరుగారి చేత చెప్పించుకోండి.